సందుగలో బొమ్మలు: ఎవరింటికి పంపాలి?

తవ్వకాల్లో మట్టి స్త్రీమూర్తి బయటపడితే 'అమ్మతల్లి' అని రాసేయడం మన చరిత్రకారులకు చాలాకాలంగా ఉన్న అలవాటు. కొండాపూర్‌లో 1940లలో జరిగిన తవ్వకాల్లో శాతవాహనుల కాలం నాటి మట్టిబొమ్మలు, తెల్లటి సుద్దమట్టితో చేసిన బొమ్మలు చాలా దొరికాయి. మా పాత కరీంనగర్ జిల్లాలోనూ ధూళికట్ట, పెద్దబంకూరు, కోటిలింగాల ఆ కాలపు స్థలాలే. ఇట్లాంటిచోట్ల దొరికే స్త్రీమూర్తుల్లో పూజలందుకున్నవి ఉండే ఉంటాయి, కాదనను. కానీ వాటిలో ఒకటైనా ఏ ఏడేళ్ల పిల్ల ఒళ్లోనో పడుకున్నది కాదని ఎట్లా చెప్పగలం? ఈజిప్టు, క్రీటు ప్రాచీన మట్టిబొమ్మల గురించి పీటర్ అకో అనే పరిశోధకుడు 1968లోనే ఇట్లాంటి ప్రశ్న వేశాడు. వాటిలో కొన్ని పిల్లల ఆటబొమ్మలు కావచ్చునన్నాడు. దేవత అయితే చరిత్రలో చోటుంది. ఆడపిల్ల ఆటవస్తువు అయితే అది ఉత్త పెంకు!

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో కంటే ముందు ఇంట్లోనే ఎదురైంది. పోయినేడు అమ్మమ్మ చనిపోయాక జగిత్యాల దగ్గర ఊళ్లో ఆమె ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. భూమి కాగితాలు మామల దగ్గరికి చేరాయి. ఇత్తడి గంగాళాలు, బిందెలు పంపకాలైపోయాయి. ఒక చెక్క సందుగ మాత్రం ఎవరూ అడగలేదు. అందులో పాత చీరెల కింద ఒక నిర్మల్ చిలుక, ఒక రెక్క ఊడిపోయి. కర్రతో చేసిన నాలుగు పండ్లు: మామిడి, సీతాఫలం, జామ, అరటి. పట్టుపేలిక చుట్టిన ఒక గుడ్డబొమ్మ, ముక్కు దగ్గర దారం పోగులు లేచిపోయి. "పాత బొమ్మలు, ఎవరికన్నా ఇచ్చేయండి" అన్నారు మామ. ఎవరికి ఇవ్వాలి? ఆ 'ఎవరికన్నా' అనే మాట దగ్గరే నేను ఆగిపోయాను.

అమ్మమ్మకు పెండ్లి అయినప్పుడు తొమ్మిదేళ్లు. పోలీస్ యాక్షన్‌కు ముందటి ఏడు అని చెప్పేది, అంటే 1947. బ్రిటిష్ ఇండియాలో 1929లోనే శారదా చట్టం వచ్చి ఆడపిల్ల పెండ్లి వయసును 14 ఏళ్లకు పెంచింది. నిజాం రాజ్యం ఆ చట్టం పరిధిలోకి రాదు. గోదావరికి ఇవతల ఉన్న మా పల్లెల్లో ఆ చట్టం పేరు విన్నవాళ్లు ఎందరుంటారు? అమ్మమ్మ అత్తగారింటికి పోయేటప్పుడు ఒడిబియ్యం మూటలో ఈ బొమ్మలు దాచుకుని తీసుకుపోయిందట. అత్త చూసింది. కోపం చేయలేదు, కొట్టలేదు. "కోడలివి, ఇంకా ఆటలేంది బిడ్డా" అని నెమ్మదిగా చెప్పి, వాటిని సందుగలో పెట్టి తాళం వేసింది. మొదటి కాన్పు అయినప్పుడు, పుట్టింది ఆడపిల్ల అని, పిల్ల ఆడుకోవడానికి ఆ తాళంచెవి కోడలి చేతికిచ్చింది. "తాళంచెవి నా చేతికొచ్చేటాల్లకు నాకు ఆడుకునే ఈడు పోయింది" అనేది అమ్మమ్మ. ఫిర్యాదులా కాదు, వానాకాలం ఆలస్యమైందని చెప్పినట్టు చెప్పేది. అప్పటికి ఆమెకు పదిహేడు.

బొమ్మ సాక్ష్యం చెబుతుందా అంటే చెబుతుంది. 1940లలో అమెరికాలో మేమీ క్లార్క్, కెన్నెత్ క్లార్క్ దంపతులు నల్లజాతి పిల్లల ముందు ఒక తెల్లబొమ్మ, ఒక నల్లబొమ్మ పెట్టి ఏది మంచిదని అడిగారు. ఎక్కువమంది తెల్లబొమ్మను చూపించారు. బడుల్లో వర్ణ విభజన చెల్లదని 1954లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వెనుక ఉన్న ఆధారాల్లో ఆ పరిశోధన ఒకటి. ఆ ఆలోచనకు మొదలు మేమీ క్లార్క్ ఎం.ఏ. పరిశోధన. మా సందుగ ఏ కోర్టుకూ పోలేదు. అయినా తొమ్మిదేళ్ల కోడలి సంగతి మా ఇంట్లో ఏ కాగితం మీదా లేదు. ఉన్నది ఈ బొమ్మల దగ్గరే.

మన సాహిత్యంలో బొమ్మ అంటే దాదాపు ఎప్పుడూ ఆడదే. గురజాడ ముసలివాడికి కట్టబెట్టబడిన పిల్లను పుత్తడిబొమ్మ అన్నాడు. 1879లో ఇబ్సెన్ నోరాను బొమ్మరింట్లోంచి బయటికి నడిపించాడు. ఈ రెండు రచనల గురించీ మనం తరగతి గదుల్లో చాలా మాట్లాడాం. అయితే స్త్రీని బొమ్మగా చూడడం గురించి ఇంత మాట్లాడిన మనం, ఆడపిల్ల చేతిలోని బొమ్మ గురించి మాట్లాడింది తక్కువ. బొమ్మలపెండ్లి పితృస్వామ్యానికి తొలి బడి అని ఒక వాక్యంలో తేల్చేస్తాం. అది నిజమే. అటుకులు, బెల్లం పంచి, ఏడ్చి అప్పగింతలు పెట్టి, పిల్లలు నేర్చుకునేది తమ రేపటి సంగతే. కానీ అమ్మమ్మ ఇంకో మాట కూడా చెప్పేది. ఆ ఆటలో నచ్చకపోతే పెండ్లి తప్పిపోయేదట. ఆడపిల్ల తరఫువాళ్లు బొమ్మను ఎత్తుకుని ఇంటికి వచ్చేసేవాళ్లట. ఆమె జీవితంలో పెండ్లి కాదనగలిగిన చోటు అదొక్కటే.

ఊడిన రెక్క అతికించడానికి చిలుకను నిర్మల్ తీసుకుపోయాను. పాత ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న ఆ పట్టణం 2016 నుంచి తానే ఒక జిల్లా. పదిహేడో శతాబ్దంలో నిమ్మనాయుడు కళాకారులను చేరదీశాడని, ఊరికి ఆయన పేరే వచ్చిందని చెప్పుకుంటారు. ఆ పనివాళ్లను నకాషీలంటారు. తేలికైన పొనికి కర్రను చెక్కి, విడి భాగాలను చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, తెల్లమట్టి పూసి, రంగులు వేస్తారు. పండ్లు, పక్షులు, జంతువులు అచ్చం నిజమైన వాటిలా ఉండడం ఈ బొమ్మల ప్రత్యేకత. 1950లలో సహకార సంఘం ఏర్పడింది. 2000ల చివరలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇదంతా పుస్తకాల్లో, ప్రభుత్వ కరపత్రాల్లో దొరుకుతుంది.

దొరకనిది నేను వెళ్లిన ఇంట్లో కనిపించింది. చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, నూరి, ఉడికించి జిగురు చేస్తున్నది ఆ ఇంటి ఇల్లాలు. తెల్లమట్టి పూసిన బొమ్మలను ఎండలోకి, నీడలోకి మారుస్తున్నది ఆమె కోడలు. చెక్కేది, కళ్లు దిద్దేది మగవాళ్లు. బొమ్మ ఎవరు చేశారంటే చెప్పేది మగవాళ్ల పేరే. ఈ చిలుకను చేతిలో తిప్పి చూసి "ఇది ఇప్పటి రంగు గాదమ్మా, పాతది. మళ్ల రంగెయ్యకుండ్రి" అన్నది మాత్రం ఆ ఇల్లాలే. రెక్క అతికించింది కూడా ఆమే. డబ్బులిస్తే "జిగురుకు పైసలేంది" అన్నది. జిగురుకు పైసలు లేకపోవడం దగ్గరే ఉంది ఈ చేతిపని చరిత్రలో సగం!

ఇంకో సంగతి దాటవేయకూడదు. మా అమ్మమ్మ ఇంట్లో సందుగ ఉంది, బొమ్మలు కొనే స్తోమత ఉంది కాబట్టి ఈ రోజు నేను వాటి గురించి రాస్తున్నాను. ఆమె ఈడు పిల్లలే పశువులు కాస్తూ, జొన్నబెండ్లతో బండ్లు చేసుకున్నారు. చెరువుమట్టితో ఎద్దులు చేశారు. మక్కకంకి పీచును జడగా అల్లి బొమ్మ అన్నారు. వానకు అవన్నీ మట్టిలో కలిసిపోయాయి. ఏ మ్యూజియంలోనూ వాటికి చోటు లేదు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఇండ్లల్లో తునికాకు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తూ పెరిగిన ఆడవాళ్లు మా చుట్టుపక్కల ఎంతోమంది. ఒకామె నా చేతిలో చిలుకను చూసి నవ్వింది. "మాకు బొమ్మలెక్కడియి, ఒళ్లె చాటనే" అన్నది. బొమ్మలు దొరికినవాళ్ల బాల్యమే బాల్య చరిత్ర అనుకుంటే, ఈమె బాల్యం లేనట్టే లెక్క. అందుకే సందుగలో ఉన్నవాటిని చూపించేటప్పుడు, అందులో లేనివాటి పేర్లు కూడా చెప్పాలి.

మరి ఏం చేయాలి వీటిని? మా దగ్గర బొమ్మలను సాగనంపే పద్ధతులు లేకపోలేదు. బతుకమ్మకు ముందు తొమ్మిది రోజులు పెండ్లికాని పిల్లలు మట్టితో బొడ్డెమ్మను చేసి, చుట్టూ తిరిగి ఆడి, చివరికి పాటలతో నీళ్లలో కలుపుతారు. చేర్యాల నకాషీలు గీసిన కులపురాణాల పటాలు ఆడి ఆడి చివికిపోతే, పటం కథ చెప్పేవాళ్లు వాటిని ఊరికే పారేసేవాళ్లు కాదు. మనిషికి చేసినట్టు కర్మ చేసి నదిలో కలిపేవాళ్లు. జపాన్‌లో వకయామా ప్రాంతపు అవాషిమా గుడిలో ఏటా మార్చి 3న పాత బొమ్మలను పడవల్లో పెట్టి సముద్రంలోకి వదులుతారు. ఆటబొమ్మకు కూడా వీడ్కోలు ఉండాలనే ఆలోచన అది. మా దగ్గర దేవతతో, కులపురాణంతో ముడిపడిన బొమ్మకే ఆ మర్యాద. ఒక పిల్ల ఒంటరిగా మాట్లాడుకున్న బొమ్మకు ఏ వీడ్కోలూ లేదు. ఆ పిల్ల అత్తగారింటికి పోయిన నాడే అది అటక మీదికి పోతుంది.

మ్యూజియం గురించీ ఆలోచించాను. 1951లో మొదలైన సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల విభాగం ఉంది. అందులో బొమ్మ సైనికులు, బొమ్మరైళ్లు బారులు తీరి ఉంటాయి. ఢిల్లీలో కార్టూనిస్టు శంకర్ 1965లో పెట్టిన బొమ్మల మ్యూజియంలో దేశదేశాల బొమ్మలు తమ తమ దుస్తుల్లో అద్దాల వెనుక నిలబడతాయి. రెండూ చూడదగ్గవే. కానీ ఒక నవాబు కొన్న బొమ్మ గానో, ఒక దేశానికి ప్రతినిధి గానో తప్ప, ఫలానా పిల్ల బొమ్మగా దేనికీ అక్కడ చోటు లేదు. రెక్క అతికించిన మా చిలుక అక్కడికి పోతే 'నిర్మల్, కర్ర, ఇరవయ్యో శతాబ్దం' అవుతుంది. సందుగ, తాళంచెవి, ఒడిబియ్యం మూట మాయమైపోతాయి.

అంగన్‌వాడీకి ఇద్దామని అమ్మ అన్నది. ఆడుకునే చేతుల్లోకే పోవాలని ఆమె కోరిక. నాకూ నచ్చింది. అయితే చిన్నపిల్లలు ప్రతిదీ నోట్లో పెట్టుకుంటారు. పాతకాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇండ్లకు వాడే రంగుల్లో సీసం పదిలక్షల్లో 90 భాగాలకు మించకూడదన్న నిబంధన మన దేశంలో అమలుకు వచ్చింది 2017లోనే. ప్రేమతో ఇచ్చేది విషం కాకూడదు కదా. అంగన్‌వాడీకి కొత్త గుడ్డబొమ్మలు కుట్టి ఇచ్చాం. అమ్మ, ఇద్దరు చిన్నమ్మలు కూర్చుని అమ్మమ్మ పాత చీరెలతోనే కుట్టారు.

చిలుకనూ పండ్లనూ కరీంనగర్‌లో ఒక ప్రభుత్వ బాలికల పాఠశాల గ్రంథాలయానికి ఇచ్చాం. ఇచ్చేముందు ఒక నోటుబుక్కులో అమ్మ చెప్పినంత, నాకు తెలిసినంత రాశాం: అమ్మమ్మ పేరు, ఊరు, పెండ్లి అయిన వయసు, తాళంచెవి సంగతి, నిర్మల్‌లో రెక్క అతికించిన చేతి సంగతి, ఒళ్లో చాట సంగతి. అద్దాల బీరువాలో తాళం వేసి పెట్టకూడదనేది ఒక్కటే మా షరతు. ఆరో తరగతి పిల్లలు చిలుకను చేతులు మార్చుకుంటూ చూశారు. మీకంటే రెండేళ్లు చిన్నప్పుడు ఈమెకు పెండ్లి అయిందని టీచరమ్మ చెబితే గదిలో కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఒక పిల్ల లేచి "మా అక్కకు పోయినేడు చేసిండ్రు, పదహారే" అన్నది. 2006లో బాల్యవివాహ నిషేధ చట్టం వచ్చింది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో 20–24 ఏళ్ల స్త్రీలలో నూటికి 23 మందికి పైగా 18 నిండకముందే పెండ్లి అయినవాళ్లు. ఆ పిల్ల చెప్పిన మాట కూడా నోటుబుక్కులో చేరింది, అక్క పేరు లేకుండా.

గుడ్డబొమ్మను అమ్మ ఎవరికీ ఇవ్వనన్నది. అమ్మమ్మ తాళం తీసి మొదట ఇచ్చింది పెద్దమ్మకు, ఆమె నుంచి అమ్మకు వచ్చింది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టొద్దని, కవరులో తేమ నిలిచి బూజు పడుతుందని చెప్పాను. ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, వేపాకు వేసి, వానాకాలం పోయాక ఒకసారి నీడలో ఆరబెడుతున్నది. ఆ పనిలో ఆమెకు నా సలహా అక్కర్లేదని తర్వాత అర్థమైంది. ఇంతకాలం అమ్మమ్మ చేసింది అదే.

తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చినప్పుడు, చరిత్ర అంటే ఎవరి మాట అనే ప్రశ్న మనందరిదీ అయింది. ఆ పుస్తకంలోని స్త్రీలు తుపాకులు పట్టారు, అడవుల్లో తిరిగారు. అదే కాలంలో తొమ్మిదేళ్ల కోడలు ఒకతి మూసిన సందుగ ముందు నిలబడింది. రెండూ తెలంగాణ స్త్రీల చరిత్రే. రెండో దానికి సాక్షులు ఇప్పుడు వేగంగా తగ్గిపోతున్నారు. ఇండ్లు ఖాళీ అవుతున్నాయి, సందుగలు పాతసామాను బండి ఎక్కుతున్నాయి. మీ ఇంట్లో కూడా అట్లాంటి బొమ్మ ఉంటే, ఇచ్చే ముందు అది ఎవరిదో అడగండి. అడగడానికి మనిషి ఇంకా ఉంటే ఈ వారమే అడగండి. పేరు, ఊరు, ఆట ఆగిపోయిన వయసు ఒక కాగితం మీద రాసి బొమ్మతో పాటు పంపండి.