కదిలే ముఖానికి ముసుగు

వీడియోలో ఒక ముఖాన్నో, బండి నంబరునో కనబడకుండా చేయడంలో రెండు పనులున్నాయి. అది ఏ ఫ్రేములో ఎక్కడుందో పట్టుకుంటూ పోవాలి. పట్టుకున్న చోటల్లా దాని ఆనవాలు చెరపాలి. మొదటి పని మోషన్ ట్రాకింగ్. రెండో దాన్ని ఎడిటర్లు బ్లర్ వేయడం అంటారు. ఈ రెండూ వేర్వేరు చోట్ల, వేర్వేరు అవసరాల కోసం పుట్టి చాలా ఆలస్యంగా ఒకటయ్యాయి. మొదటి పని క్రమంగా యంత్రం చేతికి వెళ్లింది. రెండోది ఎంతవరకు నమ్మదగిందన్న ప్రశ్న మాత్రం మొదటినుంచీ వెంట వస్తూనే ఉంది.

నిశ్చల చిత్రంలో పట్టుకునే పని లేదు. కళ్ల మీద నల్లపట్టీ ఒక్కసారి వేస్తే సరిపోతుంది. పత్రికలు, వైద్యగ్రంథాలు చాలాకాలం అదే చేశాయి. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, భారతదేశంలో టెలివిజన్‌కు 25. టెలివిజన్‌లో పది సెకన్ల దృశ్యమంటే 250 బొమ్మలు. మనిషి కదులుతుంటే ప్రతి బొమ్మలోనూ ముఖం కాస్త జరిగి ఉంటుంది. కదిలే ఆకారం అంచును ఫ్రేము తర్వాత ఫ్రేముగా చేత్తో గీసే విద్య సినిమావాళ్లకు కొత్తది కాదు. కార్టూన్ల కోసం మాక్స్ ఫ్లీషర్ రూపొందించి 1917లో పేటెంటు పొందిన రోటోస్కోపు చేసేది అదే. కానీ అది ఓపికగా, నెమ్మదిగా సాగే పని. సాయంత్రం వార్తలకు అందాల్సిన దృశ్యానికి అంత వ్యవధి ఉండదు. అందువల్ల తొలి దశాబ్దాల్లో టెలివిజన్ ముఖాన్ని కెమెరా దగ్గరే దాచేది. మనిషి వెనక దీపం పెట్టి నీడగా చూపేవారు, వీపు వైపునుంచి తీసేవారు, లేదా కెమెరాను చేతుల మీదే నిలిపేవారు.

ముఖాన్ని గళ్లుగళ్లుగా మార్చే మొజాయిక్ పద్ధతి దాచడానికి పుట్టింది కాదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో లియాన్ హార్మన్ ఒక ముఖాన్ని గుర్తుపట్టడానికి కనీసం ఎంత సమాచారం కావాలో పరిశోధించాడు. అబ్రహాం లింకన్ చిత్రాన్ని కొద్దిపాటి పెద్ద గళ్లుగా మార్చి 1973లో ప్రచురించాడు. దగ్గరగా చూస్తే అవి బూడిదరంగు చతురస్రాలు; కళ్లు చికిలించి చూసినా, దూరం జరిగినా లింకన్ ప్రత్యక్షమవుతాడు. అదే ఏడాది హార్మన్, బేలా యూలెష్ కలిసి దీనికి కారణం వివరించారు. గళ్ల పదునైన అంచులు కంటిని పక్కదారి పట్టిస్తాయి. ఆ అంచుల్ని మసకబరిస్తే అడుగునున్న ముఖం తేలికగా తెలుస్తుంది. అంటే గళ్లు సమాచారాన్ని పూర్తిగా తుడిచేయవు, కొంత కప్పిపెడతాయి. 1973లోనే వచ్చిన ‘వెస్ట్‌వరల్డ్’ సినిమాలో జాన్ విట్నీ జూనియర్, గ్యారీ డెమోస్ మరమనిషి చూపును కంప్యూటరుతో గళ్ల దృశ్యంగా చూపించారు. కథాచిత్రంలో డిజిటల్ ఇమేజ్ ప్రాసెసింగ్ వాడటం అదే మొదలు.

1980లలో ఆంపెక్స్, క్వాంటెల్ వంటి సంస్థల డిజిటల్ ఎఫెక్ట్స్ యంత్రాలు స్టూడియోలకు చేరాక చిత్రాన్ని కుదించడం, తిప్పడం, గళ్లుగా మార్చడం బటన్లతో అయ్యే పనులయ్యాయి. 1989లో అమెరికాలో మొదలైన ‘కాప్స్’ కార్యక్రమం పోలీసుల వెంట కెమెరా తిప్పుతూ, అంగీకారపత్రం ఇవ్వనివాళ్ల ముఖాలను మసకబరిచి చూపింది. 1991 డిసెంబరులో ఫ్లోరిడాలో కెన్నడీ రాజకీయ కుటుంబ బంధువు ఒకరిపై అత్యాచార ఆరోపణ విచారణ టెలివిజన్‌లో ప్రసారమైంది. ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. సాక్ష్యం చెబుతున్న ఫిర్యాదుదారు ముఖం మీద గుండ్రటి మచ్చ వేసి చూపారు. లక్షలాది ప్రేక్షకుల మనసులో ముఖం దాచడమంటే ఆ మచ్చే అన్నంతగా అది నాటుకుంది. ఆ రోజుల్లో ఇలాంటి మచ్చను కదిపేది మనిషి చెయ్యే. ముఖం తిరిగినప్పుడు చెయ్యి అరసెకను వెనకబడితే దాచిన ముఖం బయటపడేది.

దీనికి పరిష్కారం వేరే రంగంలో అప్పటికే సిద్ధంగా ఉంది. 1981లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ లూకాస్, టకేవో కనాడే రెండు చిత్రాలను ఒకదానితో ఒకటి సరిపోల్చే గణితపద్ధతి ప్రకటించారు. వాళ్ల లక్ష్యం జంట కెమెరాలతో దూరం కొలవడం. ఆ రెండు చిత్రాలూ వీడియోలోని వరస ఫ్రేములైతే అదే పద్ధతి కదలికను పట్టిస్తుంది. మొదటి ఫ్రేములో ఒక చిన్న చదరపు భాగం ఎంచుకుంటారు. తర్వాతి ఫ్రేములో దాని చుట్టుపక్కల వెతికి, వెలుగునీడల తేడా అతి తక్కువగా ఉన్న చోటికి ఆ భాగం జరిగిందని నిర్ధారిస్తారు. అయితే ప్రతి భాగమూ ఇందుకు పనికిరాదు. ఉత్త గోడలో పోల్చడానికేమీ ఉండదు. తలుపు అంచు వెంట పైకి జరిగినా కిందికి జరిగినా చిత్రం ఒకేలా కనిపిస్తుంది. రెండు అంచులు కలిసే మూల అయితే జారదు. వెంబడించడానికి ఎలాంటి బిందువులు మంచివో జియాన్‌బో షి, కార్లో టొమాసి 1994లో గణితంగా తేల్చిచెప్పారు.

ఈ విద్య ముందు ఖరీదైన సినిమా ఎఫెక్ట్స్ వ్యవస్థల్లో స్థిరపడింది. 1993లో వచ్చిన ఆఫ్టర్ ఎఫెక్ట్స్ వంటి సాఫ్ట్‌వేర్ల ద్వారా తర్వాత మామూలు కంప్యూటర్లకు దిగింది. బిందువును వెంబడించే పద్ధతికి ఒక పెద్ద లోపం ఉంది. ఆ బిందువుకు చెయ్యి అడ్డొచ్చినా, అది ఫ్రేము దాటిపోయినా దారం తెగిపోతుంది. బ్రిటన్‌కు చెందిన ఇమాజినీర్ సిస్టమ్స్ తయారుచేసిన మోకా ఒక్క బిందువును కాక, నంబరు ప్లేటు, ముఖం వంటి ఉపరితలం మొత్తాన్ని వెంబడిస్తుంది; కొంత మరుగైనా మిగిలిన భాగాన్ని బట్టి లెక్క కడుతుంది. 2008 నుంచి అది ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌తోపాటే అందింది, 2013లో ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం పొందింది. ఎడిటరు పని దీంతో మారిపోయింది. ముఖం చుట్టూ ఒకసారి మాస్కు గీసి ట్రాక్ చేయించి, జారిన ఫ్రేముల దగ్గర మాత్రం మాస్కు స్థానాన్ని నిర్దేశించే కీఫ్రేములు సరిచేస్తే చాలు.

తర్వాతి దశలో ఆ మాస్కు గీసే పని కూడా తప్పింది. 2001లో పాల్ వయోలా, మైకేల్ జోన్స్ ప్రకటించిన పద్ధతి 700 మెగాహెర్ట్జ్ పెంటియం కంప్యూటరు మీదే సెకనుకు 15 ఫ్రేముల్లో ముఖాలు వెతికింది. 2007 మేలో మొదలైన, వీధుల చిత్రాలు చూపే గూగుల్ స్ట్రీట్ వ్యూలో దారిన పోయేవాళ్లు స్పష్టంగా కనిపించడం వివాదమైంది. ఏడాదికి ముఖాలను యంత్రంతో మసకబరచడం ప్రారంభించారు. 2009లో ఆ సంస్థ పరిశోధకులు ముఖాల్లో 89 శాతం, నంబరు ప్లేట్లలో 94 నుంచి 96 శాతం పట్టుబడుతున్నాయని ప్రకటించారు. 2022లో హైదరాబాద్ సహా పది భారతీయ నగరాల వీధులు ఈ సేవలోకి వచ్చాయి. యూట్యూబ్ 2012లో ముఖాలన్నీ మసకబరిచే సదుపాయాన్ని, 2016లో ఎంచుకున్న వస్తువు వెంట బ్లర్ నడిపే సదుపాయాన్ని ఉచితంగా ఇచ్చింది. ముఖాన్ని దాచాలంటే ముందు దాన్ని కనిపెట్టాలి గనక, నిఘాకు పనికొచ్చే సాంకేతికతే గోప్యతకూ ఆధారమైంది.

భారతదేశంలో ఈ పనికి చట్టం వెనక ఉంది. 1983లో శిక్షాస్మృతిలో చేర్చిన 228ఏ సెక్షన్ అత్యాచార బాధితుల గుర్తింపు వెల్లడించడాన్ని నేరం చేసింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. 2012 నాటి పోక్సో చట్టం, 2015 నాటి బాలల న్యాయ చట్టం పిల్లలకు అలాంటి రక్షణ ఇచ్చాయి. పొగాకు ఉత్పత్తుల చట్టం కింద వచ్చిన నియమాల వల్ల సిగరెట్ బ్రాండ్ల పేర్లు కూడా మసకబారాయి. నిపుణ్ సక్సేనా కేసులో 2018లో సుప్రీంకోర్టు, బాధితురాలు ఎవరో పరోక్షంగా తెలియజేసే వివరాలు సైతం ప్రచురించకూడదని చెప్పింది. ఆ లెక్కన ముఖం ఒక్కటే దాచి ఇంటి గుమ్మాన్ని, ఊరి పేరున్న బోర్డును చూపడం చట్టానికి చాలదు.

మసక ఎంత నమ్మదగిందన్న ప్రశ్నకు పరిశోధనలు చెప్పిన జవాబు అంత ఊరటనిచ్చేది కాదు. 2001లో కారెన్ లాండర్, వికీ బ్రూస్, హ్యారీ హిల్ జరిపిన ప్రయోగాల్లో, గళ్లు వేసినా మసకబరిచినా పరిచయమున్న ముఖాలను చూసేవాళ్లు చాలాసార్లు గుర్తుపట్టారు. నిశ్చల చిత్రంలో కంటే కదిలే దృశ్యంలో ఇంకా బాగా పట్టారు. బాధితుల విషయంలో దాచాల్సింది ముఖ్యంగా ఆ పరిచయస్థులనుంచే. 2007లో ఇంటర్‌పోల్ వెతికిన ఒక నేరస్థుడు తన ఫొటోల్లో ముఖాన్ని సుడిలా తిప్పేసుకున్నాడు. జర్మన్ పోలీసు నిపుణులు ఆ సుడిని వెనక్కి తిప్పి అసలు ముఖం రాబట్టారు. 2016లో టెక్సస్, కార్నెల్ పరిశోధకులు గళ్లు వేసిన, బ్లర్ వేసిన ముఖాలు ఎవరివో తెలిసిన కొందరిలోంచి పోల్చిచెప్పేలా న్యూరల్ నెట్‌వర్కుకు శిక్షణ ఇవ్వవచ్చని చూపారు. వీడియోలో ప్రమాదం మరీ ఎక్కువ. గళ్ల కింద ముఖం కదిలేకొద్దీ ప్రతి ఫ్రేములో గళ్ల విలువలు కాస్త మారతాయి. వాటన్నిటినీ కలిపితే ఒక్క ఫ్రేములో లేని వివరం దొరకవచ్చు.

అందుకే గుర్తింపు బయటపడితే ప్రాణాపాయమున్న చోట పలచటి బ్లర్ సరిపోదు. ట్రాక్ చేసిన ప్రాంతాన్ని ముఖం కంటే పెద్దదిగా తీసుకుని చిక్కటి ఒకే రంగుతో నింపడం, ప్రతి ఫ్రేమునూ మనిషి కంటితో సరిచూడటం, గొంతు మార్చడం, బట్టలూ పరిసరాలూ కప్పడం, అసలు ఫుటేజీని బయటికి పోనివ్వకపోవడం సురక్షితమైన పద్ధతి.