పచ్చిది దేవుడికి, ఉడికింది మనకి

ఆదివారం పొద్దున ఆరున్నర. హైదరాబాద్ శ్రీనగర్ కాలనీ మెయిన్ రోడ్డులో సత్యసాయి నిగమాగమం దాటాక, మొలకల బండి దగ్గర నిలబడ్డారు మీరు. గిన్నెల్లో తోకలొచ్చిన పెసలు, కోరిన క్యారెట్, దానిమ్మ గింజలు.

"ఉప్పు వెయ్యనా సార్?"

"వద్దమ్మా, నిమ్మకాయ పిండు చాలు," అంటాడు పక్కనున్న పెద్దాయన. టీవీలో ప్రకృతి వైద్యుడు మంతెన సత్యనారాయణరాజు మాటలు విన్న తరం.

పెసలు నములుతుంటే పచ్చివాసన, వెనకే సన్నటి తీపి. ఎరిగిన రుచే. శ్రీరామనవమి వడపప్పు నానిన పెసరపప్పే కదా! చలిమిడీ పచ్చిపిండే. కానీ అవి దోసిట్లో పెట్టే ప్రసాదాలు, విస్తట్లో భోజనం కావు. పచ్చి బియ్యం గుప్పెడు నమిలి చూడండి, దవడలు నొప్పి పుడతాయి, ఆకలి తీరదు. నీళ్లలో ఉడికి ఉబ్బితేనే ఆ పిండి ఒంటికి పడుతుంది. బండి ఆమె మాత్రం డబ్బా విప్పి అన్నం, పచ్చిపులుసు కలుపుకుంటోంది. "ఇవి తింటే తొమ్మిదింటికే ఆకలైతది సార్."

ఎల్లారెడ్డిగూడ వైపు తిరగ్గానే మటన్ కొట్టు ముందు వరస. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ నమూనా సర్వేలో తెలంగాణలో 98 శాతానికి పైగా మాంసాహారులే. మిగిలిన ఆ కాస్తమందీ ఆకులలములతో బతికారనుకోకండి. అపార్ట్‌మెంట్ మెట్ల మీదికి దిగివస్తున్న నెయ్యి కాగిన వాసన పీల్చండి. మన బ్రాహ్మణ, కోమటి ఇళ్ల శాకాహారం నిలబడింది పాడి మీద. బి12 విటమిన్ వాళ్లకు పాలూ పెరుగుల్లోంచే అందింది.

అన్నీ పచ్చిగానే తినే వీగన్ మాంసంతో పాటు ఆ పాడినీ వదిలి, పొయ్యినీ ఆర్పేస్తాడు. ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ బృందం వీగన్ సొసైటీ పెట్టింది 1944లో. శాస్త్రవేత్తలు బి12ను విడదీసింది 1948లో. అంతకుముందు మాత్ర ఎక్కడిది? పైగా మన మెట్ట ఊళ్లలో ఎండాకాలం ఆకుకూరే కరువు. ఇంట్లో ఉండేవి జొన్నలు, కందులు, చింతపండు, వడియాలు. పొయ్యి లేకుండా వాటితో కడుపు నిండదు. జర్మనీలో గీసెన్ పరిశోధకులు పచ్చి తిండి తినేవాళ్లను పరిశీలించి 1999లో ఒక సంగతి ప్రకటించారు: 45 ఏళ్లలోపు స్త్రీలలో సుమారు 30 శాతం మందికి నెలసరి గాడి తప్పడమో, ఆగిపోవడమో జరిగింది. నాజూకు కోసం పచ్చికూరలు తినే ఈ సినిమావాళ్ల పేటలో ఈ లెక్క ఎవరూ చెప్పరు.

సూపర్ మార్కెట్ తలుపు తీయండి. చల్లటి అరల్లో అవకాడో, బాదంపాలు, పక్కనే బి12 మాత్రలు. డబ్బుంటే ఇప్పుడు పచ్చి వీగన్‌గా బతకడం సాధ్యమే. ఇంకాస్త నడిస్తే కృష్ణానగర్. షూటింగ్ బస్సు కోసం చూస్తున్న జూనియర్ ఆర్టిస్టులు ఇడ్లీ, బోండా లాగిస్తున్నారు. కాల్‌షీటు సాయంత్రం ఆరింటి దాకా.