వైద్యవిద్యలో హస్తాభ్యాసము

ఏ విద్యకైనను గ్రంథపఠనము సగపాలు, అభ్యాసము సగపాలు. ఈత నేర్పు పుస్తకమును వేయిమారులు వల్లించినవాడైనను నూతిలో దుమికినచో మునుగక మానడు. వైద్యవిషయమున నీ మాట మఱింత సత్యము; ఏలయన నిచట మునుగువాడు వైద్యుడు కాడు, రోగి. వైద్యవిద్యార్థులకు చేతి యభ్యాసము మన దేశమున నెట్లేర్పడెను, నడుమ నెట్లు సన్నగిల్లెను, మరల నెట్లు తలయెత్తెను అను చరిత్రను సంగ్రహముగా మనవి చేసెదను.

సుశ్రుతసంహిత సూత్రస్థానమున తొమ్మిదవ యధ్యాయమునకు యోగ్యాసూత్రీయమని పేరు. యోగ్య యనగా నభ్యాసము. ఎంత చదివినను అభ్యాసము లేనివాడు శస్త్రకర్మకు తగడని యందలి సిద్ధాంతము. అందుచే గురువు శిష్యునకు మొదటనే రోగిని అప్పగింపడు. కోయుట గుమ్మడి, సొర, దోస మొదలగు కాయలపై నేర్పవలెను. చీల్చుట నీరును బురదయు నింపిన తోలుతిత్తులపై. రక్తనాళములను గ్రుచ్చుట చచ్చిన పశువుల నాళములపైనను తామరతూండ్లపైనను. గాయపు లోతును సలాకతో వెదకుట పురుగు తొలిచిన కొయ్యయందు. కుట్టుట వస్త్రముల యంచులపైనను మెత్తని తోలుపైనను. కట్టుకట్టుట మనుష్యాకృతిగల బొమ్మపైన. ఇవి యన్నియు పెరటిలోను చెఱువుగట్టునను దొరకు వస్తువులే గాని రాజభాండారమునుండి తేవలసినవి కావు.

శారీరస్థానమున శవపరీక్షావిధానము గలదు. శవమును గడ్డితో చుట్టి, పంజరమున నుంచి, ప్రవహించు నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, పిదప వట్టివేరు, వెదురు మొదలగువాని కుంచెలతో మెల్లగా రుద్దుచు, చర్మము మొదలుకొని యొక్కొక్క పొరను కన్నులార చూడవలెను.

కాలక్రమమున నీ పద్ధతి సన్నగిల్లెను. శవస్పర్శ దోషమను భావము ప్రబలుటయు, చేతిపని తక్కువదను తలంపు పండితులలో పాదుకొనుటయు నిందులకు ముఖ్యకారణములని చరిత్రకారు లందురు. పండితునకు గ్రంథ ముండెను, చేయి లేదు. మంత్రసానికి చేయి యుండెను, గ్రంథము లేదు. అట్టివానిని ఒంటిరెక్క పక్షితో సుశ్రుతుడు పోల్చియే యుండెను.

1835లో కలకత్తాలో వైద్యకళాశాల వెలసెను. అందు మధుసూదన గుప్తుడను పండితుడుండెను. ఈయన సంస్కృత కళాశాలలో వైద్యశాస్త్రము బోధించినవాడు. సుశ్రుతసంహితను పరిష్కరించి అచ్చువేయించినవాడు. 1836లో ఈయనయే సంఘభీతిని లెక్కింపక, విద్యార్థులతో గూడి, స్వహస్తములతో శవచ్ఛేదము చేసెను. పరదేశవిద్యకు లొంగెనని యనువారు గలరు. నా యభిప్రాయము వేఱు. తాను పరిష్కరించిన గ్రంథము చెప్పిన పనినే యాయన చేసెను.

ఆ 1835లోనే చెన్నపురి జనరల్ ఆసుపత్రి చెంత వైద్యపాఠశాల యేర్పడి, 1850లో కళాశాల యయ్యెను. 1875లో నలుగురు స్త్రీలు అందు ప్రవేశించిరి. పురుషవైద్యునకు చేయి చూపనొల్లక ప్రాణములు విడిచిన గర్భిణులు గల దేశమున నిది చిన్న విషయము కాదు. 1846లో హైదరాబాదున ఉర్దూభాషలో బోధించు వైద్యపాఠశాలయు, 1923లో విశాఖపట్టణమునను, 1946లో గుంటూరునను వైద్యకళాశాలలును స్థాపింపబడెను. వీని యన్నిటికిని మూలసూత్ర మొక్కటియే: పాఠశాలప్రక్క ఆసుపత్రి యుండవలెను, రోగి మంచము చెంతనే పాఠము నడువవలెను.

ఇప్పుడు పాఠము మంచము దాటి గ్రామమునకు వచ్చినది. 2021-22 విద్యాసంవత్సరమున చేరినవారు మొదలుకొని, వైద్యవిద్యార్థి యొక్కొక్కడు కొన్ని కుటుంబములను దత్తత గైకొని, వారి యారోగ్యమును కనిపెట్టుచుండవలెనని జాతీయ వైద్య కమిషను విధించినది. కావున, పెద్దలారా, ఈ చరిత్రలో నికమీద మీకును భాగము గలదు. తెల్లకోటు తొడిగిన బాలుడో బాలికయో మీ గడప త్రొక్కి రక్తపుపోటు చూతుమన్నప్పుడు, చదువు ముగియనివారు మాకేల యని త్రోసిపుచ్చకుడు. నేడు మీరు చేయి చాపనిచో, రేపు మీ మనుమనికి వైద్యము చేయవలసినవాని చేయి వణకును. అయితే మీ యనుమతి లేక యెవరును మిమ్ము తాకరాదు; గురువు పర్యవేక్షణ లేక సూది గ్రుచ్చరాదు. ఈ రెండును అడుగుటకు మీకు హక్కు గలదు. గుమ్మడికాయకు నొప్పి లేదు, మనుష్యునకు గలదు. ఆ భేదమును విద్యార్థికి నేర్పగల గురువులు కళాశాలలో కొందఱు, మీ యిండ్లలో పెక్కుమంది.