ఆశ్వినపు గాలివాన, కార్తికపు ఉప్పెన

హౌరా నగరమునకు పడమటి అంచున సంత్రాగాఛి యున్నది. కలకత్తా నుండి దక్షిణమునకు పోవు రైలుమార్గము ఆ స్టేషను దాటి ఖరగ్‌పురము, దాంతన్, బాలేశ్వరము, బరంపురము, విశాఖపట్టణముల మీదుగా విజయవాడ చేరును. స్టేషను చెంతనున్న పెద్ద చెరువులో శీతకాలమున వలసపక్షులు వచ్చి వాలును. ఎండలు ముదురు నాటికి వెడలిపోవును. పక్షుల రాకపోకలకు ఋతువు ఉన్నట్లే ఈ తీరపు గాలివానలకును ఋతువు ఉన్నది. పంచాంగమును చూచి విత్తనము చల్లు రైతులకు ఆ క్రమము అనుభవము వలన తెలియును. దానికి కారణము చెప్పుటకు శాస్త్రమునకు చాల కాలము పట్టినది. ఆ జ్ఞానము తీరపు పల్లెలను కాపాడుటకు మరింత కాలము పట్టినది.

వంగదేశమున గాలివానలు రెండు జాతులవి. మొదటిది చైత్ర వైశాఖములలో వచ్చు కాలబైశాఖి. మార్చి మొదలు మే వరకు ఛోటానాగపుర పీఠభూమి ఎండకు కాగిపోవును. పశ్చిమము నుండి వీచు పొడిగాలి, సముద్రము నుండి వచ్చు తేమగాలిపై మూతవలె కప్పియుండును. అపరాహ్ణపు వేడికి ఆ మూత తెగినంతనే తేమగాలి మహావేగముతో పైకి లేచును. వాయవ్యదిక్కున నల్లని మబ్బు కనబడును. అరగడియలో దుమ్ము, వడగండ్లు, వాన ఒక్కసారిగా వచ్చిపడును. ఎండిన పొలములకు ఈ వాన మేలే చేయును. కాని ఆ మబ్బుల అడుగు నుండియే ఒక్కొక్కప్పుడు తొండమువంటి సుడిగాలి నేలకు దిగును. 1838 ఏప్రిల్ 8న కలకత్తాకు తూర్పున, 1983 ఏప్రిల్ 12న గాయిఘాటాలో, 1998 మార్చి 24న దాంతన్ ప్రాంతమున దిగినవి ఇట్టివే. దాంతన్‌లోను, పొరుగున ఉన్న ఒడిశా గ్రామములలోను కొలది నిమిషములలో వందకు పైగా ప్రాణములు పోయినవి. అమెరికా మైదానములలో సుడిగాలులు ఏప్రిల్ నుండి జూన్ వరకు మెండుగా వచ్చుటకును హేతువు ఇంచుమించు ఇదియే; అచటి తేమ మెక్సికో సింధుశాఖ నుండి వచ్చును.

రెండవ జాతి సముద్రమున పుట్టు తుఫాను. అట్లాంటిక్ సముద్రపు హరికేనులకు జూన్ మొదలు నవంబరు వరకు ఒకటే కాలము. సెప్టెంబరులో వాని ఉధృతి మిక్కిలి హెచ్చు. బంగాళాఖాతమున అట్లు గాక రెండు కాలములు ఉన్నవి: వానలకు ముందు ఏప్రిల్, మే మాసములు, వానల తరువాత అక్టోబరు మొదలు డిసెంబరు వరకు. నడుమ సముద్రము వెచ్చగానే యుండును. అయినను నైరృతి ఋతుపవనము సాగునపుడు క్రిందిగాలి పడమటి నుండియు, పైగాలి తూర్పు నుండియు బలముగా వీచుట చేత, లేవబోవు సుడి నిలువునా చీలిపోవును. శ్రావణ భాద్రపదములలో పుట్టు వాయుగుండములు పెద్ద తుఫానులుగా ముదరక పూర్వమే భూమి నెక్కుటయు ఒక కారణము. ఋతుపవనము వెనుదిరుగగా ఆ ద్రోణి మరల సముద్రము మీదికి వచ్చి, నెల నెలకు దక్షిణమునకు జరుగును. అందువలన అక్టోబరు తుఫానులు తరచుగా వంగ, కళింగ తీరములను తాకును. నవంబరువి ఆంధ్ర, తమిళ తీరములను తాకును.

ఈ విద్యకు కలకత్తాలో పునాది వేసినవాడు హెన్రీ పిడింగ్‌టన్. పూర్వము ఓడ నడపినవాడగుటచే సముద్రపు గాలిని స్వయముగా ఎరిగినవాడు. 1789 డిసెంబరులో ఉప్పెన పాలైన కోరంగి 1839 నవంబరులో మరల మునిగినది. ఆ యేడు మొదలుకొని అతడు ఓడల దినచర్యలను సేకరించి, ఏ గడియకు ఏ ఓడకు గాలి ఏ దిక్కు నుండి వీచెనో పోల్చి చూచి, తుఫానుల నడకను ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వివరింపసాగెను. పాము చుట్ట అను అర్థమున్న గ్రీకుపదము నుండి ‘సైక్లోను’ అను మాటను 1848లో కల్పించినది అతడే. మాతలా నదిపై కానింగ్ రేవును కట్టదలచినపుడు, ఉప్పెన దానిని ముంచివేయగలదని 1853లో ప్రభుత్వమునకు వ్రాసెను. ఆ మాటను పాటించినవారు లేరు. 1858లో అతడు మరణించెను.

1864 అక్టోబరు 5న, శరన్నవరాత్రుల దినములలో, గంగాసాగరము మీదుగా తుఫాను వచ్చి హుగ్లీలోనికి కడలిని తోసెను. కలకత్తా రేవులోని 195 ఓడలలో చెక్కుచెదరక మిగిలినవి 23 మాత్రమే. మృతులు సుమారు 60,000 అని చెప్పుదురు. సంత్రాగాఛికి సమీపమున శిబ్‌పూర్ వృక్షోద్యానములోని మహావటము కొమ్మలు విరిగి గాయపడినది. 1867లో మరల దెబ్బతిన్నది. ఆ గాయములలో చేరిన బూజు వలన మూలకాండము కుళ్ళగా 1925లో తొలగింపవలసి వచ్చెను. ఊడలే ఆ వృక్షమును నేటికిని నిలిపియున్నవి. వంగీయులు దానిని ‘ఆశ్వినపు గాలివాన’ అని చెప్పుకొనిరి.

ఇరువదియేడు దినములు గడచెను. దీపావళి అమావాస్య వెళ్ళిన వెంటనే, నవంబరు 1 రాత్రి, బందరు మీద మరియొక తుఫాను పడెను. అమావాస్య పోటుకు గాలి తోడు కాగా సముద్రము ఊరిలోనికి నడచి వచ్చెను. పట్టణములోను పరిసరములలోను 30,000 మంది మడిసిరి. ఆశ్వినమున వంగమును, కార్తికమున ఆంధ్రమును తాకు క్రమము ఒక్క మాసములో ఇంత స్పష్టముగా కనబడిన సంవత్సరము అరుదు. అయినను కలకత్తా దుఃఖము బందరుకు హెచ్చరిక కాలేదు. ఒక తీరపు అనుభవమును మరియొక తీరమునకు అందించు వ్యవస్థ నాడు లేదు.

1865లో కలకత్తా రేవున తుఫాను సంకేతముల ఏర్పాటు జరిగెను. 1867 నవంబరు 1న, బందరు మునిగిన తేదీనాడే, కానింగ్ రేవును పిడింగ్‌టన్ చెప్పినట్లే ఉప్పెన పాడుచేసెను. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడగా, 1864 తుఫానును పరిశీలించి నివేదిక వ్రాసిన బ్లాన్‌ఫర్డ్ దానికి ప్రథమాధిపతి యయ్యెను. కాని రేవు స్తంభము మీది సంకేతము నావికుని కొరకు ఏర్పడినది. చేను గట్టున గుడిసెలో నిదురించువానికి అది కనబడదు. ఉపగ్రహములు మబ్బులను చిత్రించుచున్న కాలముననే, 1977 నవంబరు 19న దివిసీమలో పదివేల మంది ఉప్పెన పాలగుటకు ఈ దూరమే కారణము. 1990 మే 9న అదే కృష్ణాతీరమును ఘోరమైన తుఫాను తాకినపుడు, లక్షలాది జనమును ముందే తరలించుట చేత మృతుల సంఖ్య వేయిలోపున నిలిచెను.

ఋతుక్రమము గీచిన గీత కాదు. 1970 నవంబరులో భోలా తుఫాను తూర్పువంగమును ముంచెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకెను. వైశాఖ జ్యేష్ఠముల తుఫానులు ఇటీవల వంగమును విడువలేదు: 2009లో ఐలా, 2020లో అంఫాన్ మే మాసముననే వచ్చినవి. అంఫాన్‌కు శిబ్‌పూర్ మహావటము మరల ఊడలు కోల్పోయినది. తుఫాను ఏనాడు వచ్చునో పంచాంగము చెప్పజాలదు. ఏ నెలలలో ఆశ్రయమునకు తాళము తీసియుంచవలెనో మాత్రము చెప్పగలదు. ఆ తాళము తీసిన సంవత్సరమునకును తీయని సంవత్సరమునకును గల భేదము 1977, 1990 లెక్కలలో కనబడుచునే యున్నది.