ఖలాసీ ఇంటి ఆడవాళ్లకు ఇరవై గంటల చదువు

ఖరగ్‌పూర్‌ను ఊరు చేసింది రైలే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఆ శతాబ్దం చివర ఇక్కడ జంక్షన్ వేసింది, పక్కనే పెద్ద వర్క్‌షాపు పెట్టింది. 1902లో కటకం నుంచి దక్షిణానికి వచ్చే తూర్పు తీరపు లైను కూడా ఆ కంపెనీ చేతికే వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో పని దొరకనివాడికి ఖరగ్‌పూర్ ఒక్క బండి దూరమైంది. మథురాకాటి, నింపురా, మలంచాల్లో ఈనాటికీ తెలుగు వినబడేది అందుకే. ఖలాసీగా చేరినవాడు సుత్తి అందిస్తూ, బోల్టు బిగిస్తూ కొన్నేళ్లకు ఫిట్టరయ్యాడు. అతని కొడుకు అప్రెంటిస్‌గా చేరాడు. నేర్చుకునే కాలానికి స్టైపెండు ఇవ్వాలని 1961 అప్రెంటిసుల చట్టం ఖాయం చేసింది. పని నేర్వాలంటే ఏళ్లు పడుతుందనీ, ఆ ఏళ్లలో ఇల్లు గడవాలనీ మగవాళ్ల విషయంలో అందరూ ఒప్పుకున్న మాటే. కార్మికుల హక్కులేవీ ఊరికే రాలేదు. 1920ల చివర వి.వి.గిరి నాయకత్వాన ఈ రైల్వే కార్మికులు, ఉద్యోగాలు పోయిన తోటివారి కోసం సమ్మె చేసి సాధించుకున్న చరిత్ర ఉంది.

అదే ఇంట్లో చదువులేని ఆడమనిషికి రైల్వే తలుపు తెరుచుకున్నది ఎక్కువగా ఒకే దారిన: భర్త సర్వీసులో ఉండగా పోతే వచ్చే కారుణ్య నియామకం. ఊడ్చే పనో, నీళ్లందించే పనో, ఫైళ్లు మోసే పనో దక్కేది. భర్త రిటైరయితే అదీ లేదు, పైగా గడువులోగా క్వార్టర్ ఖాళీ చేయాలి. ఆరో వేతన సంఘం తర్వాత అట్టడుగు ఉద్యోగానికి కూడా పదో తరగతో ఐటీఐయో కనీస అర్హత అయింది. కూతురికీ కోడలికీ అక్కడే గేటు పడింది. కాబట్టి ఈ ఆడవాళ్లకు కంప్యూటర్ నేర్పుతామనేవారు మొదట చూడాల్సింది కంప్యూటర్‌ను కాదు, ఆగిపోయిన ఆ పదో తరగతిని.

ఈ మాట కొత్తదేం కాదు. బాల్యవివాహం నుంచి బయటపడి, ప్రైవేటుగా చదివి బెనారస్ మెట్రిక్ పాసైన దుర్గాబాయి దేశ్‌ముఖ్ మద్రాసులో ఆంధ్ర మహిళా సభను మొదలుపెట్టింది ఆడవాళ్లను అదే పరీక్షకు తయారుచేస్తూనే. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యాక, 1958 నుంచి బడి మానేసిన వయోజన స్త్రీలను రెండేళ్లలో పరీక్ష దాటించే సంక్షిప్త కోర్సులు నడిపించింది. చదువు పూర్తయ్యేసరికి ముందర ఫలానా పని ఉండేది: టీచరు, నర్సు, గ్రామసేవిక. 2017లో వచ్చి 2024లో ముగిసిన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ దీనికి పూర్తిగా వేరు. కోర్సు నిడివి ఇరవై గంటలు. పేరులోనే ఉన్నట్టు పల్లెలకే పరిమితమైంది, మునిసిపాలిటీలో ఉండే మలంచా దాని లెక్కలోకే రాలేదు. డిజిటల్ అక్షరజ్ఞానం పంచడానికి ఆ పథకం పనికొచ్చి ఉండవచ్చు, జీతం తెచ్చే నైపుణ్యానికి ఇరవై గంటలు చాలవని నా నమ్మకం. ఫిట్టర్‌ను అంతలో తయారుచేస్తామంటే ఏ వర్క్‌షాపు ఒప్పుకుంటుంది?

ఫోన్ అందరికీ వచ్చేసింది కదా, ఇంకా నేర్పేదేముంది అంటారు కొందరు. కూరగాయల బండి దగ్గర స్కాన్ చేసి డబ్బు పంపడం వేరు, ఎక్సెల్ గడిలో జీతాల లెక్క తప్పు లేకుండా వేయడం వేరు. మొదటిదానికి వేలు చాలు. రెండోదానికి కీబోర్డు మీద పది వేళ్లూ, కాస్త ఇంగ్లీషూ, కూడికలో తప్పు పట్టే కన్నూ కావాలి. ఇంకా బరువైన అభ్యంతరం ఇంకొకటి: నేర్చుకున్నా ఖరగ్‌పూర్‌లో ఉద్యోగాలేవీ? పెద్ద కంపెనీలు ఇక్కడికి రావన్న మాట నిజమే. కానీ పని రైల్వే ఇళ్లలోనే పుట్టింది. 2014 నుంచి పెన్షనర్లు బతికే ఉన్నట్టు చూపే జీవన్ ప్రమాణ్ పత్రం వేలిముద్రతో ఆన్‌లైన్‌లో ఇవ్వవచ్చు. 2020 నుంచి రైల్వే పాసు కూడా హెచ్‌ఆర్‌ఎంఎస్ అనే రైల్వే ఆన్‌లైన్ వ్యవస్థలోకి వెళ్లింది. ఓటీపీ ఎక్కడ కొట్టాలో తెలియని ముసలి ఫిట్టరూ, విడో పాసు కోసం తిరిగే అతని వదినా ఆ పని ఎవరో ఒకరికి డబ్బిచ్చి చేయించుకుంటారు. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా ఇచ్చింది. దాన్ని ఫైల్లో ఉంచకుండా, పదో తరగతీ కంప్యూటరూ కలిపిన రెండేళ్ల కోర్సును తెలుగులో, స్టైపెండుతో, పిల్లలను చూసుకునే గదితో మలంచాలో పెట్టమని అడగడానికి ఇక్కడి సంఘాలకు హక్కుంది.