ఫెర్మా నమ్మిన ఆరో సంఖ్య

429,49,67,297. ఈ పది అంకెల సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో చెప్పగలరా? ఇది సరి సంఖ్య కాదు. 3, 5, 7లలో దేనితోనూ భాగింపబడదు. మనం సాధారణంగా అక్కడితో ఆగిపోతాం. ఒక మహా గణితవేత్త కూడా ఈ సంఖ్య విషయంలో పొరబడ్డాడు.

ఆయన పియరీ ది ఫెర్మా. ఫ్రాన్సులోని తులూజ్ న్యాయస్థానంలో ఉద్యోగి. గణితం ఆయన తీరిక వేళల వ్యాసంగం. 1640లో ఆయన ఒక సంఖ్యాశ్రేణిని పరిశీలించాడు. 2కు 1, 2, 4, 8, 16 ఘాతాలు తీసుకుని, ఒక్కోదానికి 1 కలపండి. వరుసగా 3, 5, 17, 257, 65,537 వస్తాయి. అయిదూ ప్రధాన సంఖ్యలే! ఈ శ్రేణిలోని సంఖ్యలన్నీ ఇలాగే ఉంటాయని ఫెర్మా గట్టిగా నమ్మాడు. అయితే నిరూపణ తన వద్ద లేదని మిత్రులకు రాసిన లేఖలో ఒప్పుకున్నాడు. శ్రేణిలో ఆరోది 2³² + 1. అదే మన సంఖ్య.

దాదాపు తొంభై ఏళ్ళు గడిచాయి. 1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ అనే గణితవేత్త ఈ ప్రశ్నను ఆయిలర్‌కు రాశాడు. సెంట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో పనిచేస్తున్న ఆయిలర్‌కు అప్పుడు 22 ఏళ్ళు. 1732లో ఆయన జవాబు చెప్పాడు: ఈ సంఖ్య 641 × 67,00,417కు సమానం. అంటే ఇది ప్రధాన సంఖ్య కాదు.

మామూలు పద్ధతిలో వెతికితే 65,536 లోపు ఉన్న 6,542 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూడవలసి రావచ్చు. కాని ఆయిలర్ తర్వాత నిరూపించిన నియమం ప్రకారం, ఈ సంఖ్యకు కారణాంకమయ్యే ప్రధాన సంఖ్యను 64తో భాగిస్తే శేషం 1 రావాలి. అలాంటివి వరుసగా 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నంలోనే జవాబు దొరుకుతుంది!

భాగహారం లేకుండానే దీన్ని మీరు సరిచూడవచ్చు. 640 = 5 × 2⁷. కాబట్టి 640⁴ = 5⁴ × 2²⁸. x⁴ − 1కి x + 1 ఎప్పుడూ కారణాంకమే కనుక, 5⁴ × 2²⁸ − 1 సంఖ్య 641తో భాగింపబడుతుంది. మరోవైపు 5⁴ + 2⁴ = 625 + 16 = 641. దీన్ని 2²⁸తో గుణిస్తే 5⁴ × 2²⁸ + 2³² వస్తుంది. ఇదీ 641 గుణిజమే. రెండోదాని నుంచి మొదటిదాన్ని తీసివేయండి. మిగిలేది 2³² + 1.

ఈ శ్రేణికి జ్యామితితోనూ సంబంధం ఉంది. 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చని 1796లో గౌస్ కనుగొన్నాడు. భుజాల సంఖ్య ఫెర్మా ప్రధాన సంఖ్య అయితే ఆ బహుభుజిని గీయడం సాధ్యమే. ఫెర్మా ఊహ నిజమై ఉంటే, ఇలా గీయగల బహుభుజుల జాబితాకు అంతే ఉండేది కాదు.

2³² + 1 తర్వాత వచ్చే 27 సంఖ్యలూ ప్రధాన సంఖ్యలు కావని తేలింది. ఆరో ఫెర్మా ప్రధాన సంఖ్య ఇంతవరకు దొరకలేదు. అయినా అది లేనే లేదని ఎవరూ నిరూపించలేదు. అయిదు వరుస విజయాలు చూసి ఫెర్మా తొందరపడ్డాడు. ఇన్ని వైఫల్యాలు చూసి మనమూ తొందరపడకూడదు కదా!