నేల పట్టు: మేకు, మోకు, బరువు

ఇంటికి పునాది ఎందుకని అడిగినచో, ఇంటి బరువును మోయుటకని ఏ విద్యార్థియైనను చెప్పును. అది నిజమే. కాని గుడారము, షామియానా, పందిరి, మంచె, ప్రకటన పలక మున్నగు వానికి ఆ సమాధానము చాలదు. ఇవి తేలికైనవి. వీని బరువును నేల సులభముగా మోయగలదు. చిక్కెల్ల గాలి వచ్చినప్పుడే కలుగును. అప్పుడు ఇవి ఎగిరిపోకుండ, ఒరిగిపోకుండ నేల వీనిని పట్టియుంచవలెను. బరువైన కట్టడమును నేల మోయవలెను. తేలికైన కట్టడమును నేల పట్టుకొనవలెను. ఈ రెండవ విద్యకును పెద్ద చరిత్ర కలదు. దానిని తెలిసికొనుటకు హైదరాబాదులోని నాంపల్లి, ఆబిడ్స్ ప్రాంతములు మిక్కిలి అనువైనవి.

మంచె నేర్పిన పాఠము

జొన్నచేను కంకి వేసినప్పుడు మన రైతు మంచె వేయును. నాలుగు గుంజలు పాతి, పైన కర్రలు పరచి, దానిపై నిలిచి వడిసెలతో పిట్టలను తోలును. గుంజ పాతునప్పుడు అతడు గుంతలో మన్నంతయు ఒక్కసారిగా పోసి ఊరకుండడు. కొంచెము కొంచెముగా పోయుచు, నడుమ రాళ్లు దట్టించి, గట్టిగా కూరును. వదులు మన్నుకును, కూరిన మన్నుకును గల భేదము అతనికి అనుభవముచే తెలియును. గుంజల నడుమ ఏటవాలుగా కర్రలు కట్టుటలో మరియొక రహస్యమున్నది. నాలుగు కర్రల చట్రమును ప్రక్కకు నెట్టినచో ఒరుగును, త్రిభుజము ఒరుగదు. పెండ్లిపందిరికి రాట వేయువారికిని ఈ సంగతులు తెలిసినవే.

వేటగాని మంచె వేరు విధము. దానిని అడవిలో పెరుగుచున్న చెట్టుకు త్రాళ్లతో బిగించెదరు. అచ్చట చెట్టు వేళ్లే మేకుల పని చేయును. 1911లో మరణించిన ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ పులివేటలో పేరుపొందినవాడు. ఆయన కొలువులోనుండిన ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణము వలననే ఆబిడ్స్‌కు ఆ పేరు కలిగినది. రాజులు వేటకుగాని, దండయాత్రకుగాని బయలుదేరినచో గుడారములు కూడ బయలుదేరవలసినదే. అక్బరు విడిది సామగ్రిని గూర్చి అబుల్ ఫజల్ తన ‘అయినీ అక్బరీ’లో వివరముగా వ్రాసెను. ఒక్క విడిదికి 1000 మంది ఫరాషులు పనిచేయుచుండిరట. గుడారములు వేయుట, విప్పుట వారి వృత్తి. మేకు కొట్టుట ఒక ప్రత్యేక విద్యగా ఎంచబడెననుటకు ఇది నిదర్శనము.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత పులివేటకు తావు లేదు. వేట మంచెలు పోయినవి. డేరాలు మాత్రము అడవి నుండి నగరమునకు వచ్చి స్థిరపడినవి.

నాంపల్లి నుమాయిష్

ఉస్మానియా విశ్వవిద్యాలయపు పట్టభద్రులు కొందరు దేశీయ పరిశ్రమలకు ప్రోత్సాహమిచ్చు తలంపుతో 1938లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులో ఒక ప్రదర్శనను ఏర్పాటుచేసిరి. దానికి ‘నుమాయిష్ మస్నూఆతే ముల్కీ’ యని పేరు; స్వదేశ ఉత్పత్తుల ప్రదర్శన యని అర్థము. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దానిని ప్రారంభించెను. 1946లో అది నేటి మైదానమునకు మారినది. 1947, 1948 సంవత్సరములలో జరుగలేదు. 1949లో అప్పటి గవర్నరు జనరలు చక్రవర్తుల రాజగోపాలాచారి దానిని తిరిగి ప్రారంభించెను. అప్పటినుండి అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన యనునది దాని పేరు.

సుమారు 23 ఎకరముల ఆ మైదానములో కొన్ని శాశ్వతమైన కట్టడములున్నను, పెక్కు దుకాణములు కొన్ని వారముల కొరకు నిలబెట్టి, పిమ్మట విప్పివేయునవే. ఇది సాధారణముగా జనవరి మొదట ఆరంభమై నెలన్నర జరుగును. ఆ కాలమున హైదరాబాదులో ఆకాశము నిర్మలముగా నుండును, పెనుగాలులు అరుదు. ఇదే మైదానములో ఏప్రిల్, మే నెలలలో, అనగా గాలిదుమారము, వడగండ్లు వచ్చు కాలమున, ఇన్ని దుకాణములు వేయవలసివచ్చినచో పని చాల కష్టమగును. ఋతువును ఎన్నుకొనుట కూడ నేల పట్టుకు ఒక సహాయమే.

గాలి ఎంత బలముతో లాగును?

గాలి వేగము రెట్టింపైనచో దాని ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. సెకనుకు 10 మీటర్ల గాలి చదరపు మీటరుపై సుమారు 6 కిలోగ్రాముల బరువుకు సమానమైన బలము చూపును. 20 మీటర్ల గాలి, అనగా గంటకు 72 కిలోమీటర్ల గాలి, సుమారు 24 కిలోగ్రాముల బలము చూపును. 15 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గల షామియానా వైశాల్యము 21 చదరపు మీటర్లు. అడుగున దూరిన గాలి గుడ్డను పైకి నెట్టును. పైన పోవు గాలి దానిని పైకి పీల్చును. ఈ రెండును కలిసి ఒత్తిడియంతయు పైకి పనిచేసినదనుకొనుడు. అప్పుడు ఆ షామియానాను ఎత్తు బలము సుమారు 500 కిలోగ్రాములు! గుడ్డ, కర్రల బరువు దానిముందు ఏపాటిది?

భారతీయ ప్రమాణముల ప్రకారము హైదరాబాదులో కట్టడములకు తీసికొనవలసిన మూల గాలివేగము సెకనుకు 44 మీటర్లు. తాత్కాలిక కట్టడములకు దీనిని కొంత తగ్గించి లెక్కించెదరు. తగ్గించినను అది చిన్న గాలి కాదు.

మేకు ఎట్లు పట్టును?

మేకును నిలబెట్టునది దాని బరువు కాదు. చుట్టునున్న మన్ను దానిని నొక్కి పట్టుట వలన పుట్టు ఘర్షణయు, దాని ఎదుటనున్న మన్ను అడ్డగించుటయు దానికి బలము. లోతు పోయినకొలది మన్ను ఒత్తిడి పెరుగును. మన్నును తాకు భాగమును పెరుగును. కావున ఒకే తీరుగానున్న నేలలో లోతు రెట్టింపైనచో పట్టు సుమారు నాలుగు రెట్లు కావచ్చును. గాలి లెక్కకును, లోతు లెక్కకును గల ఈ పోలిక గుర్తుంచుకొనదగినది.

మేకును నిట్టనిలువుగా కొట్టుట పొరపాటు. దాని తల డేరాకు దూరముగా వాలియుండవలెను. అప్పుడు మోకు మేకుతో ఇంచుమించు లంబకోణము చేయును. లాగినప్పుడు మేకు జారి పైకి రాదు. మోకును మేకు తలకు గాక నేలకు దగ్గరగా కట్టవలెను. పైన కట్టినచో మోకు మేకును మీటవలె పెకలించును. నూలు త్రాళ్లు, నార త్రాళ్లు తడిసినప్పుడు బిగిసి, మేకులనే లాగివేయును. అందుచేత వాన వచ్చినప్పుడు వానిని కొంచెము సడలించుట పాత డేరావారి అలవాటు.

హైదరాబాదు నేలలో మరియొక చిక్కు కలదు. ఈ నగరము గ్రానైటు రాతిపై నున్నది. నాంపల్లికి సమీపముననే నౌబత్ పహాడ్ గుట్ట కనబడును. పెక్కుచోట్ల పైన కొంత మన్ను, దాని క్రింద మొరము, ఆ క్రింద రాయి ఉండును. మొరము మేకును బాగుగా పట్టును. కాని రాయి తగిలిన తరువాత సమ్మెటతో ఎంత కొట్టినను మేకు దిగదు. నల్లరేగడిలో చిక్కు వేరు: ఎండకు నేల నెర్రెలు విచ్చి మేకు వదులగును, వానకు నేల మెత్తబడి జారిపోవును. నేలను చూడక మేకును ఎన్నుకొనరాదు.

మేకునకు మరను తగిలించినవాడు అలెగ్జాండర్ మిచెల్. యౌవనముననే చూపు కోల్పోయిన ఈ ఐర్లండు ఇంజనీరు 1833లో మర పునాదికి పేటెంటు పొందెను. ఇనుప కంబము కొనకు వెడల్పైన మరచుట్టు అమర్చి నేలలోనికి త్రిప్పినచో, దానిని పైకి లాగుటకు ఆ చుట్టుపైనున్న మన్నునంతయు ఎత్తవలసివచ్చును. ఓడలకు లంగరుగా మొదలైన ఈ ఉపాయముతో 1838లో థేమ్సు నది ముఖమున మాప్లిన్ ఇసుకతిన్నెపై దీపస్తంభమునకు పునాది వేసిరి. నేడు అమెరికాలో వేటగాండ్రు తమ మంచెలను బిగించు మరమేకులు ఈ జాతివే.

మేకు దిగని చోట

ఆబిడ్స్ కాలిబాటలపై ఆదివారము పాతపుస్తకముల బజారు విద్యార్థులకు సుపరిచితము. ఎండకో, వానకో అట్టిచోట పరదా కట్టవలసినవారికి సిమెంటులో మేకు దిగదు. అచ్చట పట్టు బరువుదే. పైన చెప్పిన షామియానాకు 50 కిలోగ్రాముల ఇసుకబస్తాలు కనీసము పది కావలెను. భద్రత కొరకు అంతకు మించి ఉండవలెను. త్రాడు ఏటవాలుగా లాగినచో బస్తా ఎగురకపోయినను జరుగును. రాతిలో రంధ్రము తొలిచి ఇనుపకడ్డీని బిగించుట మరియొక మార్గము. నగరములో ఎచ్చట తొలిచినను, మేకు కొట్టినను ముందుగా భూగర్భమునందలి విద్యుత్తు తీగెల, నీటి గొట్టముల జాడ తెలిసికొనవలెను.

ఇది చిన్న సంగతియని అశ్రద్ధ చేయరాదు. 2019 జూన్ 23న రాజస్థానులోని బాడ్‌మేర్ జిల్లాలో రామకథ జరుగుచుండగా పెనుగాలికి డేరా కూలి 14 మంది మరణించిరి. 2024 మే 13న ముంబయిలోని ఘాట్‌కోపర్‌లో 120 అడుగుల ఎత్తు, అంతే వెడల్పు గల ప్రకటన పలక దుమ్ముగాలికి పెట్రోలు బంకుపై కూలి 17 మందిని బలిగొన్నది. నాంపల్లి మైదానములో 2019 జనవరి 30న జరిగిన అగ్నిప్రమాదము, తాత్కాలిక దుకాణములకు నిప్పు విషయమున ఎంత జాగ్రత్త కావలెనో అందరికిని తెలిపినది. గాలి విషయమునను అంత జాగ్రత్త అవసరము. నిప్పు పొగతో హెచ్చరించును. వదులైన మేకు గాలి వచ్చువరకు ఏమియు చెప్పదు.

ఉపాధ్యాయులు దీనిని పాఠశాల ఆవరణలోనే చూపవచ్చును. ఒకే పరిమాణము గల రెండు కొయ్యమేకులను 10, 20 సెంటీమీటర్ల లోతున కొట్టించి, త్రాడు కట్టి, స్ప్రింగుత్రాసుతో మెల్లగా లాగించి, అవి కదలిన బలమును వ్రాయించుడు. మేకు ఒక్కసారిగా ఊడి ఎగురవచ్చును. పిల్లలు త్రాటికి ఎదురుగా నిలువరాదు. మరునాడు అదే నేలను తడిపి మరల లాగించుడు. ఆ రెండు దినముల అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసినచో, పాఠశాల వార్షికోత్సవమునకు షామియానా వేయునప్పుడు ఏ మేకును ఎంత లోతున కొట్టవలెనో విద్యార్థులే అడిగి చూచెదరు.